నిట్టూర్పు నుంచి నిలదీతకు

'ఎట్రాసిటీ చట్టం కాగితాలకే పరిమితం.' వాడలో అరుగుల మీద, యూనివర్సిటీ హాస్టళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో మనం రోజూ అనుకునే మాట ఇది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాట అనేసి లేచి వెళ్లిపోవడం మనకు అలవాటైపోయింది. మన నిట్టూర్పుల వల్ల ఏ అధికారికీ ఇబ్బంది లేదు.

ఆ కాగితాల్లో ఏముందో ఒకసారి చూద్దాం. 1995 నిబంధనల్లోని 17వ నిబంధన ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి. కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. కేసుల దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చింది, బాధితులకు పరిహారం అందిందా అని సమీక్షించాలి. తక్షణ సాయం ఏడు రోజుల్లో అందాలి. దర్యాప్తు ముగించి 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన, ఎస్సీ, ఎస్టీలు కాని ప్రభుత్వోద్యోగికి 4వ సెక్షన్ కింద శిక్ష ఉంది.

మన జిల్లాలో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? మనలో ఎంతమందిమి అడిగాం?

రైతు కూలికి పిలవకపోతే పొయ్యి వెలగని ఇంటిని 'కేసు ఎందుకు పెట్టలేదు' అని అడగడం తేలిక. ఆ ఇల్లు ఊళ్లోనే బతకాలి. చదువుకుని పట్నం చేరిన మనకు ఆ భయం తక్కువ. సమాచార హక్కు చట్టం కింద కమిటీ సమావేశాల తేదీలు, మినిట్స్, పెండింగ్ కేసుల సంఖ్య అడగడానికి బాధితులే ముందుకు రానక్కర్లేదు. ఆ దరఖాస్తు మనం పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అప్పీలుకు వెళ్లొచ్చు.

కారంచేడు తర్వాత 1985లో దళిత మహాసభ పుట్టింది. 1991 నాటి చుండూరు మారణకాండపై విచారణ జరిపిన ప్రత్యేక కోర్టు చుండూరులోనే ఏర్పాటైంది. ఇవేవీ ఎవరో దయతలిస్తే రాలేదు, జనం పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి పోరాడితే గెలుపు ఖాయమని చెప్పలేం. కానీ ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కి సాక్ష్యం చెప్పినవాళ్ల ముందు, ఒక దరఖాస్తు రాయడం మనకు భారమని ఎలా అనగలం?

ఈ నెలలో ఒక్క దరఖాస్తు పెడదాం. వచ్చిన జవాబును వాడలో అందరి ముందూ చదివి వినిపిద్దాం. కమిటీ కూర్చోలేదని తేలితే, ఆ కాగితం పట్టుకుని పదిమందిమి కలెక్టరేట్‌కు వెళ్దాం.