అతిథికి అన్నీ చూపాలా?

ఫ్రెంచి మానవశాస్త్రజ్ఞుడు బెర్నార్ పిన్యేద్ 1958లో నేపాల్‌లోని మొహొరియా అనే గురుంగ్ గ్రామంలో నివసించి, వారి జీవనవిధానాన్ని అధ్యయనం చేశాడు. ముప్పై ఏళ్లైనా నిండకుండానే, 1961లో మరణించాడు. అతని గ్రంథం 1966లో ఫ్రెంచిలోనూ, 1993లో ‘ది గురుంగ్స్’ పేరిట ఆంగ్లంలోనూ వెలువడింది. ఆ ఆంగ్ల ముద్రణలో నన్ను ఆకట్టుకున్నది అనుబంధం. అందులో గురుంగులే తమ చరిత్రను తాము చెప్పుకున్నారు. నాలుగు వంశాలు ఎక్కువ, పదహారు వంశాలు తక్కువ అన్న పాత విభజన బయటివారు కల్పించినదని వాదించారు. తమను గురించి ఇతరుడు రాసిన పుస్తకంలోనే తమ ప్రతివాదాన్ని నమోదు చేశారు.

పర్యాటక ప్రచారపత్రాల్లో అటువంటి అనుబంధానికి చోటు లేదు. సిరుబారి, ఘలేగావ్, ఘాంద్రుక్ వంటి గురుంగ్ గ్రామాల గురించి అవి పాడే పాట ఒకటే: పర్యాటకం సంస్కృతిని కాపాడుతోందని.

ఇందులో నిజమేమీ లేదని అనను. 1997లో సిరుబారిలో మొదలైన గ్రామీణ పర్యాటకంలో అతిథులను వంతులవారీగా ఇళ్లకు పంచారు. దళారీ చేతికి పోవలసిన డబ్బు ఊళ్లోనే నిలిచింది. యువకులు పరాయి సైన్యాలకూ గల్ఫు దేశాలకూ తరలిపోయే కొండల్లో, ఇంటిని నడిపే స్త్రీకి ఆ ఆదాయం చిన్నదేమీ కాదు. నగరంలో సుఖంగా కూర్చుని దాన్ని వదులుకొమ్మని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

అయితే కాపాడుతున్నది దేన్ని? ఒక్క సాయంకాలంలో చూపగలిగినదాన్ని మాత్రమే. పలకరాళ్ల కప్పులు, పూలదండల స్వాగతం, వేషధారణ, భోజనానంతరం నాట్యం. గురుంగుల పురోహితులు ‘పచ్యూ’, ‘క్లెప్రీ’ మరణకర్మలో రాత్రులకు రాత్రులు మౌఖిక గాథలను గానం చేస్తారు; పూర్వికులు వచ్చిన దారిలోని చోట్లను పేరుపేరునా తలచుకుంటూ మృతుని ఆత్మను ఉత్తరదిశగా సాగనంపుతారు. వాటిని నేర్వడానికి ఏళ్లు పడుతుంది, భాష రావాలి. నాట్యం నేర్చిన పిల్లకు ఆ రాత్రే ప్రతిఫలం అందుతుంది. గాథ నేర్చిన కుర్రవాడికి ఏ అతిథీ పైసా ఇవ్వడు. ఒక సంస్కృతిలో ఏది బతకాలో, ఏది మరుగున పడాలో ఇలా ఒక్క రాత్రి బసకు వచ్చినవాడు నిర్ణయిస్తున్నాడు.

ఘాటు నృత్యాన్నే తీసుకోండి. అందులో ఏడాది పొడుగునా ఆడదగిన రూపం ఒకటి ఉంది; దాన్ని చూపితే నాకు పేచీ లేదు. కాని ‘సతీ ఘాటు’ వేరు. దానికి కాలనియమం ఉంది. శ్రీపంచమి నుంచి వైశాఖ పూర్ణిమ దాకానే దాని ఋతువు. బాలికలు కళ్లు మూసుకుని, ఆవేశస్థితిలో ఆడతారు. అతిథి బస్సు వచ్చే వేళకు ఆ స్థితి రాదు. వస్తే అది అభినయం. కొండతేనె సేకరణా అంతే. వసంతంలోనూ శరత్తులోనూ, పూజ చేసి, తాటినిచ్చెనపై వేలాడుతూ తీసే ఆ తేనెను డబ్బిచ్చినవాడి సెలవుదినాలకు తగ్గట్టు తీయించడం వేడుకగా మారింది.

సంస్కృతి మారకుండా ఉంటుందా అని అడిగేవారుంటారు. ఉండదు. గొర్రెల కాపరులు రైతులయ్యారు, సైనికులయ్యారు. మార్పుతో నాకు తగవు లేదు. ‘ఇది చూపం’ అనే అధికారం ఊరికి లేకపోవడమే నా అభ్యంతరం.

ఇది మనకు దూరపు విషయమూ కాదు. అరకులో విడిదిగృహాల ముంగిట సాయంత్రాలు థింసా ఆడిస్తూ, ఫోటోలు దిగుతూ, ఆ ఆట ఏ పండుగలో, ఏ పెళ్లిలో పుట్టిందో అడగని మనం నేపాల్‌కు నీతులు చెప్పలేం.

కనుక కోరదగినవి రెండు. ఏది అంగడికి రాదో, ఏ కర్మ వద్ద కెమెరా తెరుచుకోకూడదో ఊరే తేల్చి చెప్పాలి. ఆ మాటను పర్యాటక సంస్థలు తమ ప్రచారపత్రాల్లోనే అచ్చువేయాలి. అతిథుల ద్వారా వచ్చే ఆదాయంలో ఒక వంతు గురుంగ్ భాష నేర్పడానికీ, ఆ గాథలు అభ్యసించే పిల్లలకూ చేరాలి. ఆ కొండలకు ప్రయాణం కట్టే మన పాఠకులు పిన్యేద్ గ్రంథాన్ని ముందుగా చదవండి, అనుబంధంతో సహా. అక్కడ వారు ‘చూపం’ అన్నప్పుడు ఆ మాటను మర్యాదలోపంగా తీసుకోకండి.