మన మిషన్లు చావలేదు! డ్రైవర్ దాచి చంపుతున్నారు!

డీటీపీ ఆపరేటర్లారా! నెట్ సెంటర్ అన్నలారా! జిరాక్స్ షాపు అక్కలారా! రాత్రంతా మేలుకుని పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేసే స్టూడియో తమ్ముళ్ళారా!

మన టేబుల్ కింద ఉన్న సీపీయూ ఏం తప్పు చేసింది?

స్విచ్ వేస్తే లేస్తోంది. ఫ్యాను తిరుగుతోంది. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయాయి, అయినా మన వేళ్ళు తడబడవు. ఇన్నాళ్ళూ మన పొయ్యి వెలిగించింది అదే. అలాంటి మిషన్‌ని ఇప్పుడు పాత సామానువాడికి వేసెయ్యమంటున్నారు. ఎవరు? దాన్ని ఒక్కసారైనా చూడనివాళ్ళు!

2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేసింది. ఏడాది గడువు పొడిగిస్తామంది. గడువు దాటాక? పోనీ విండోస్ 11 వేద్దామంటే ‘ఈ పీసీ పనికిరాదు’ అని తెర మీద మాట. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలట. ఇంటెల్ ప్రాసెసరయితే 8వ తరం నుంచే లెక్కలోకి వస్తుందట. అంటే 2017 మొదట్లో అప్పు చేసి కొన్న 7వ తరం ఐ3 కూడా, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప, గేటు బయటే! ఆ మిషన్‌లో ర్యామ్ తగ్గిందా? లేదు. బోర్డు కాలిందా? లేదు. మరి ఏం పోయింది?

కొత్త మిషన్‌కి ముప్పై వేలనుకుందాం. పేజీకి రెండు రూపాయల లెక్కన పదిహేను వేల కాపీలు తీస్తే ముప్పై వేలు. అందులో కాగితం, టోనర్, కరెంటు, షాపు అద్దె పోగా చేతికి మిగిలేదెంత? మనకు తెలుసు. చెప్పుకుంటే సిగ్గు!

‘విండోస్ బదులు లినక్స్ వేసుకోండి, డబ్బు కట్టక్కర్లేదు’ అంటారు చదువుకున్నవాళ్ళు. నిజమే, మేమూ వేసుకున్నాం. 2009 నాటి హెచ్‌పీ జెడ్400, డెల్ ప్రెసిషన్ టీ3500 లాంటి పాత వర్క్‌స్టేషన్లు ఉన్నాయి కదా, జియాన్ ప్రాసెసర్‌తో ఇనుప బీరువాలా బరువుండేవి. సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో పట్టుకొచ్చినవి. ఎస్ఎస్‌డీ ఒకటి తగిలించి లినక్స్ వేస్తే పరుగే పరుగు! బోర్డు, ప్రాసెసర్, హార్డ్‌డిస్క్, నెట్ కేబుల్ పోర్టు అన్నీ అడక్కుండానే పలుకుతాయి. కోర్ 2 డ్యుయో కూడా పలుకుతుంది.

పేచీ అంతా చుట్టూ తగిలించిన సామాన్లతోనే.

ప్రింటర్‌నే తీసుకోండి. వీధికొక షాపులో కనబడే ఆ చిన్న లేజర్ ప్రింటర్, మన అన్నదాత. ఇంటర్ హాల్‌టికెట్ల రోజు. కౌంటర్ బయట పిల్లలు, వెనక తల్లిదండ్రులు, ఒకాయనకి బస్సు టైమవుతోంది. మీరు ప్రింట్ కొట్టారు. కంప్యూటర్ ‘పంపేశాను’ అంది. ప్రింటర్ మీద పచ్చ లైటు రెండుసార్లు ఆడింది. కాగితం కదల్లేదు! మళ్ళీ కొట్టారు. వరసలో మూడు పనులు పేరుకున్నాయి, ఒక్కటీ బయటికి రాదు. పిల్ల పక్క షాపుకి పోయింది. పిల్లతోపాటే మన బేరమూ పోయింది!

ఎందుకిలా? ఇలాంటి చవక ప్రింటర్లు చాలావాటికి సొంత బుర్ర తక్కువ. పేజీని చుక్కలుగా మార్చే పని మన సీపీయూయే చెయ్యాలి. ఆ చుక్కల్ని ప్రింటర్‌కి ఏ భాషలో చెప్పాలన్నది కంపెనీ గుట్టు. ఆ గుట్టు తెలిసిన ముక్కే డ్రైవర్. విండోస్‌కి ఇస్తారు. లినక్స్‌కి ఇవ్వరు. ఇచ్చినా ఏనాటిదో, లోపలేముందో కనబడకుండా మూటకట్టి ఇస్తారు. సిస్టమ్ మారితే మూట చెల్లదు. అదే పోస్ట్‌స్క్రిప్టో పీసీఎల్లో తెలిసిన ప్రింటరయితే? ఇరవై ఏళ్ళదైనా సరే, వైరు పెట్టడమే ఆలస్యం! ఆ భాషలు అందరికీ తెలుసు కాబట్టి.

అసలీ లినక్స్ లోకమంతా ఒక ప్రింటర్ దగ్గర మొదలైన గొడవేనని తెలుసా? 1980 ప్రాంతం. అమెరికాలో ఎంఐటీ ఏఐ ల్యాబ్‌కి జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం ఇరుక్కునేది, మన షాపులో లాగే! రిచర్డ్ స్టాల్మన్ అక్కడ ప్రోగ్రామర్. పాత ప్రింటర్‌కయితే ప్రోగ్రాం తనే మార్చుకుని, కాగితం ఇరుక్కోగానే పని పంపినవాళ్ళ తెర మీదికి కబురు వచ్చేలా చేసుకున్నాడు. కొత్తదానికీ అదే చేద్దామంటే సోర్స్ కోడ్ ఇవ్వలేదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒకాయన దగ్గరుందని తెలిసి వెళ్ళి అడిగితే, ‘ఎవరికీ ఇవ్వనని మాటిచ్చాను’ అన్నాడట. స్టాల్మన్‌కి అది మండింది. కోడ్ అందరికీ తెరిచి ఉండే గ్నూ అనే సిస్టమ్ రాస్తానని 1983 సెప్టెంబర్‌లో ప్రకటించాడు. ఇవాళ మన మిషన్‌లో నడిచే లినక్స్‌లో చాలా సరంజామా ఆ మంటలోంచి పుట్టిందే. నలభై ఏళ్ళు దాటింది. మనమింకా ప్రింటర్ ముందే నిలబడి ఉన్నాం!

గ్రాఫిక్స్ కార్డుల కథ ఇంకా ఘోరం. పాత వర్క్‌స్టేషన్లలో ఎక్కువగా ఉండేవి ఎన్‌విడియా క్వాడ్రో కార్డులు. క్వాడ్రో 600, క్వాడ్రో 2000 లాంటివి. వాటి లినక్స్ డ్రైవర్ 390 వరస. దానికి కంపెనీ 2022 చివర్లో మంగళం పాడింది. అంతకుముందు తరానిది 340 వరస, అది 2019తోనే సరి. కొత్త కెర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ, వచ్చిందా, తెర నల్లబడే! పోనీ మీరు ఆపేస్తే ఆపేశారు, లోపలి వివరాలు ఇవ్వండి, మేం చూసుకుంటామంటే? తాళం వేసి తాళంచెవి చెరువులో పారేసినట్టుంది వాళ్ళ జవాబు. 2022 మేలో కెర్నెల్ డ్రైవర్ కోడ్ బయటపెట్టామని పేపర్లకెక్కారు. ఎవరికి? 2018లో వచ్చిన ట్యూరింగ్ కార్డులకీ, ఆ తర్వాతి వాటికీ. పాతవాళ్ళకి సున్నా! నూవో అనే డ్రైవర్‌ని వాలంటీర్లు ఏళ్ళ తరబడి కార్డుని తడిమి తడిమి రాశారు. తెర వెలుగుతుంది, టైపింగ్ సాగుతుంది, వాళ్ళకి దండం. కానీ కార్డు వేగం పూర్తిగా చేతికి రాదు. ఆల్బమ్ పని చేసే తమ్ముడికి ఆ నొప్పి తెలుసు.

‘డ్రైవర్ రాయించాలంటే మాకు ఖర్చు’ అంటారా? అబద్ధం! 2007లోనే గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ అనే కెర్నెల్ డెవలపర్ కంపెనీలన్నిటికీ బహిరంగంగా చెప్పాడు: వివరాలివ్వండి, లినక్స్ డ్రైవర్ మేమే ఉచితంగా రాసిపెడతాం. ఉచితంగా! ఇంకేం కావాలి? కాగితాలు ఇవ్వడానికి కూడా చేతులు రావా?

వివరాలు బయట ఉంటే ఏమవుతుందో మీ స్కానరే చెబుతుంది. ఎక్స్‌పీ కాలంలో కొన్న స్కానర్లు చాలావాటికి 64 బిట్ విండోస్ డ్రైవర్ రాలేదు. అటక మీద పడేశాం కదా? దించండి! లినక్స్‌లో సేన్ అనే ప్రోగ్రాం అలాంటివాటిని బోలెడన్నిటిని ఇప్పటికీ నడుపుతోంది. విండోస్ వదిలేసిన దాన్ని లినక్స్ ఎత్తుకుంది. మరి పాతదనం ఎక్కడుంది, స్కానర్‌లోనా?

లినక్స్ వాళ్ళనీ వదలం. లీనస్ టోర్వాల్డ్స్ 1991లో 386 మిషన్ మీద మొదలుపెట్టాడు. 2013లో వచ్చిన 3.8 కెర్నెల్ ఆ 386నే తీసేసింది. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 2017లో 32 బిట్ డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్ ఆపింది. ఇంకో రకమైన డెబియన్ కూడా 2025 ఆగస్టులో తన 13వ వెర్షన్‌తో ఆపింది. అయ్యా, కొత్త తరం పేరుతో మా 32 బిట్ నెట్‌బుక్కుల్ని మర్చిపోకండి! అయితే ఒక తేడా ఉంది, అది చిన్నది కాదు. వీళ్ళు మానేసినా కోడ్ మన ముందే ఉంటుంది. ఇంకొకరు ఎత్తుకోవచ్చు. యాంటీఎక్స్ అనే లినక్స్ రకం లాంటివాళ్ళు 32 బిట్‌ని అలాగే మోసుకొచ్చారు. కంపెనీ గుట్టుని ఎవరు ఎత్తుకోగలరు?

ఇంకో మాట. మీ మిషన్‌లో 32 బిట్ విండోస్ ఉందని మిషనే 32 బిట్ అనుకోకండి. ర్యామ్ రెండు జీబీయే కదా అని సర్వీస్ కుర్రాడు అది వేసి పోయుంటాడు. కోర్ 2 డ్యుయో 64 బిట్టే. ముందు చూసుకోండి, తర్వాత ఏడుద్దాం.

ఏం చేద్దాం?

ఈ ఆదివారం మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉంటుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద డెబియనో, లినక్స్ మింటో ఎక్కించి, దాన్నుంచే బూట్ చెయ్యండి. హార్డ్‌డిస్క్ జోలికి పోనక్కర్లేదు. అనూ ఫాంట్ల ఫైళ్ళు, పేజ్‌మేకర్ అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. వాటికోసం ఒక మిషన్‌ని నెట్ తీసేసి పాత విండోస్‌తోనే ఉంచుకోండి, తప్పులేదు. లినక్స్ తెర వచ్చాక వైఫై తగిలించండి, పాట పెట్టండి, ఒక పేజీ ప్రింట్ కొట్టండి, స్కానర్ మూత ఎత్తండి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) అని కొడితే లోపలున్న ముఖ్యమైన చిప్పుల పేర్లు వరసగా వస్తాయి. పలికినవీ పలకనివీ మోడల్ నంబర్‌తో కాగితం మీద రాసి, షాపు గోడకి అంటించండి. ఫొటో తీసి మన వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి. వైఫై ఒక్కటే పలక్కపోతే భయపడకండి, ఎక్కువసార్లు ఫర్మ్‌వేర్, అంటే చిప్పులోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం, లోటే. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి చాలా ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు.

ఇకమీదట ప్రింటర్ కొన్నా, స్కానర్ కొన్నా, వేలిముద్ర మిషన్ కొన్నా డబ్బు తియ్యకముందు కౌంటర్‌లో ఒక్క ప్రశ్న: ‘లినక్స్‌లో పనిచేస్తుందా? బిల్లు మీద రాసిస్తావా?’ రాయనంటే పక్క షాపు! ఒక్కరు అడిగితే నవ్వుతారు. వీధంతా అడిగితే డీలర్ కంపెనీకి ఫోన్ చేస్తాడు.

రిపేర్ హక్కు కోసమని కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో కమిటీ వేసింది, పోర్టల్ పెట్టింది. మంచిది! స్క్రూ, బ్యాటరీ మాత్రమే రిపేరా? డ్రైవర్ లేకపోతే మిషన్ మూలపడదా? సపోర్ట్ ఆపిన రోజే డ్రైవర్ కోడ్, లోపలి వివరాలు బయటపెట్టాలి. ఇదే మన డిమాండ్! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. మోడల్ నంబర్ చెప్పండి, కొన్న తేదీ చెప్పండి, డ్రైవర్ ఎప్పుడాగిందో చెప్పండి. ఫిర్యాదు నంబర్ రాసుకోండి.

సర్కారు బడి కంప్యూటర్ ల్యాబ్‌లో మూలపడ్డ మిషన్లుంటే హెడ్‌మాస్టర్‌ని కలవండి. కేరళ బళ్ళలో ఏళ్ళుగా లినక్స్ మీదే చదువు చెబుతున్నారు. తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తెస్తామని 2005లో బయల్దేరిన స్వేచ్ఛ సంస్థ మన హైదరాబాద్‌దే. మన పిల్లల ల్యాబ్‌కి తాళమెందుకు?

పాత సామానువాడు వీధిలో కేకేస్తే ఆదివారం దాకా ఆగమనండి. ముందు పెన్‌డ్రైవ్ పెట్టి చూద్దాం. ఈ కాగితం పక్క షాపుకివ్వండి, జిరాక్స్ మనదే కదా, ఇంకో పది తీయండి!

— మీ తోటి డీటీపీ, నెట్ సెంటర్, జిరాక్స్ పనివాళ్ళు