కొన్న పుస్తకానికి నకలు నేరం కాదు

తాతల నాటి ఉర్దూ, ఫార్సీ, తెలుగు పుస్తకాలు బీరువాల్లో ఉన్న ఇళ్లు పాతబస్తీలో ఇంకా ఉన్నాయి. వాటిని స్కాన్ చేసుకుందామనుకున్నవాళ్లను కాపీరైట్ భయం వెనక్కి లాగుతోంది. ఆ భయం అక్కర్లేదు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి, పరిశోధనకు న్యాయమైన మేరకు చేసుకునే నకలును తప్పుపట్టదు. ఆ అవసరాలకు రచనను ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవడమూ ఉల్లంఘన కాదని 2012 సవరణ విడమరిచి చెప్పింది. బ్రిటన్‌లో 2014లో దక్కిన సొంత నకలు హక్కును మరుసటి ఏడాదే అక్కడి హైకోర్టు కొట్టేసింది. మన చట్టంలో ఉన్నదాన్ని మనం వాడుకోవాలి.

పంచడం వేరే సంగతి. రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు వారసులదే. 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డి బతికుండగా అచ్చయిన రచనలను ఊరంతటికీ పంచవచ్చు. 1969లో మరణించిన మఖ్దూం మొహియుద్దీన్ కవితల పీడీఎఫ్ మాత్రం 2029 ఆఖరు దాకా మీ దగ్గరే ఉండాలి. దాన్ని టెలిగ్రామ్ గ్రూపులో పెట్టడాన్ని ఈ పత్రిక సమర్థించదు.

పనికి ఓపిక కావాలి. పెళుసుబారిన పుస్తకాన్ని స్కానర్ అద్దం మీద బోర్లించి నొక్కితే కుట్టు తెగుతుంది. సగమే తెరిచి, పైనుంచి ఫోన్‌తో తీయడం మేలు. ఉర్దూ పుస్తకం కుడి నుంచి ఎడమకు సాగుతుంది గనుక పేజీల వరస తిరగబడకుండా చూసుకోవాలి. కాతిబులు చేత్తో రాయగా రాతి అచ్చులో వేసిన నస్తాలీఖ్ లిపిని యంత్రం ఇంకా తడబడుతూనే చదువుతోంది. కాబట్టి పేజీలను బొమ్మలుగానే దాచి, పుస్తకం పేరు, అచ్చయిన ఏడాది ఫైలు పేరులో రాసుకోవాలి.

ఆలస్యం మాత్రం తగదు. అబ్దుస్ సమద్ ఖాన్ ఏళ్ల తరబడి కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరాక కూడా 2000 ఆగస్టు వరద వాటిని వదల్లేదు. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. అలాంటి నీళ్లలో నానిన పాత కాగితం మళ్లీ పుస్తకం కావడం కష్టం.

అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియాగా మొదలైంది. అచ్చు ప్రతి తమ దగ్గరున్న రచనను భద్రత కోసం డిజిటల్‌గా దాచుకునే వీలును లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయాలకు అదే 52వ సెక్షన్ ఇచ్చింది. ఆ పనిని గ్రంథాలయం పూర్తిచేయాలి. పాతబస్తీ వాసులు సొంత పుస్తకాలు తెచ్చి తామే స్కాన్ చేసుకునేందుకు అక్కడ యంత్రాలు, నేర్పే సిబ్బంది, ఉర్దూలోనూ తెలుగులోనూ చట్టం చెప్పే బోర్డు ఉండాలి. రుసుము ఉండకూడదు. ప్రభుత్వం ఈ ఏర్పాటును వచ్చే వానాకాలం లోపే చేయాలి.