నేర్చిన చేతికే నిబ్బరం

మా దాచేపల్లి నేలపైన పత్తి, మిరప చేలు. నేల అడుగున సున్నపురాయి. రైతు వాన కోసం ఎదురుచూసినట్లే మా యువకుడు సిమెంటు కర్మాగారంలో కొలువు కోసం ఎదురుచూస్తాడు. అయితే కొలువు దొరికినంత మాత్రాన భద్రత దొరికినట్లేనా? ఇచ్చటి దుర్గా సిమెంటు కర్మాగారానికి యజమాని అయిన ఆంధ్రా సిమెంట్స్ సంస్థ 2022లో దివాలా పరిష్కార ప్రక్రియలోకి వెళ్ళి, 2023లో సాగర్ సిమెంట్స్ చేతికి వచ్చినది. యజమానులు మారుతారు, యంత్రాలు ఆగుతాయి. కార్మికుని వెంట కడదాకా వచ్చేది అతని పనితనం ఒక్కటే. ఉర్దూలో దానినే హునర్ అంటాము.

కనుక ఈ కొలువులోనే గాక మరెక్కడైనా అక్కరకు వచ్చే విద్యను ఉద్యోగికి నేర్పడం యజమాని విధి అని మా అభిప్రాయం. నేర్పితే పొరుగు కర్మాగారానికి పోతాడు గదా అని కొందరు యజమానుల శంక. అది నిరాధారం కాదు, కొందరు పోతారు. కాని ఏమీ నేర్వక నిలిచినవాని మాటేమిటి? యంత్రంలో వింత శబ్దం వినిపించినా, అడిగితే తన అజ్ఞానం బయటపడుతుందని ఊరకుంటాడు. ఆ భయం ఇంటికీ వెంటవస్తుంది, నిద్రను చెరుస్తుంది. ఫిట్టర్ పనో, వెల్డింగో, కరెంటు పనో చక్కగా నేర్చి యోగ్యతాపత్రం చేతపట్టినవాడు లోపాన్ని నిస్సంకోచంగా చెబుతాడు. అతని మనశ్శాంతి, కర్మాగారం లాభం రెండూ ఆ నిర్భయత్వంలోనే ఉన్నవి.

జంషెడ్‌పూర్‌లో టాటా ఉక్కు సంస్థ 1921లోనే తన సాంకేతిక శిక్షణాలయాన్ని నెలకొల్పినది. మన దేశంలో 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టమూ ఉన్నది. 2019లో సవరించిన నిబంధనల మేరకు 30 మంది గాని అంతకు పైబడి గాని పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుండి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకొని, భృతినిచ్చి పని నేర్పాలి. అయితే చౌకగా చాకిరి చేయించుకొని పంపివేయడం శిక్షణ కాదు. శిక్షణ పేరు చెప్పి వేతనాన్ని, రక్షణను తగ్గించడమూ న్యాయం కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే: పరిసర కర్మాగారాల యాజమాన్యాలతో మాట్లాడి మా విద్యార్థులకు అప్రెంటిస్ స్థానాలు ఇప్పించండి. ఉర్దూ మాధ్యమంలో చదివిన సోదరులకు పని పదజాలం తెలుగులోనూ నేర్పించండి. సోదర విద్యార్థులారా, కోటి విద్యలు కూటి కొరకే అన్నారు. కొలువు అడిగేటప్పుడు జీతమెంత అని మాత్రమే గాక, ఇక్కడ ఏమి నేర్పుతారని కూడా అడుగుదాం.