టులెట్ బోర్డు కింద మేం

బోర్డు గేటుకు వేలాడుతూనే ఉంటుంది. ఇల్లు చూస్తాం. నచ్చుతుంది. కిరాయి కుదురుతుంది. అప్పుడడుగుతారు పేరు. చెప్పగానే ఆ ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేసినట్టు గుర్తొస్తుంది. మర్యాదస్తులైతే ‘మాకేం పట్టింపు లేదండీ, పక్కవాళ్లే ఒప్పుకోరు’ అంటారు. ఇంకొందరు ‘మీరు మాంసం వండుతారు కదా’ అంటారు. మాకంటే ముందు అదే ఇంట్లో ఉన్నవాళ్లు ఆదివారం ఆదివారం కోడికూర వండుకున్నారు. వాళ్ల కోడికి మతం లేదు. మా కోడికుంది!

‘చట్టం ఉంది కదా’ అంటారు సెక్యులర్ మిత్రులు. చూద్దాం. మతాన్నిబట్టి వివక్ష చూపొద్దని రాజ్యాంగం 15వ అధికరణం రాజ్యానికి చెప్పింది. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర ఎవర్నీ ఆపొద్దనీ చెప్పింది. ఆ జాబితాలో అద్దె ఇల్లు లేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంట్లో దిగినవాడి గురించి మాట్లాడుతుంది. ఖాళీ చేయించాలంటే యజమాని కారణం చూపాలంటుంది. గడప తొక్కనివ్వని యజమానిని మాత్రం ఏమీ అనదు. ముస్లింలకు ఇళ్లు దొరకడం కష్టమవుతోందని సచార్ కమిటీ 2006లోనే రాసింది. అయినా 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఆ ఊసే లేదు.

దిగినవాడికైనా రక్షణెంత? 2005 సవరణతో కార్పొరేషన్ ప్రాంతాల్లో నెల కిరాయి 3,500 రూపాయలు దాటితే 1960 చట్టం వర్తించకుండా పోయింది. హైదరాబాద్‌లో ఆ డబ్బుకి ఏ ఇల్లొస్తుంది? మిగతావాళ్లకి ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. వేరే ఒప్పందం లేకపోతే నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు చాలు.

అందుకే తిరిగి తిరిగి మళ్లీ మొహల్లాకే చేరతాం. ‘మీరంతా ఒకచోటే గుంపుగా ఎందుకుంటారు?’ అని అడిగేదీ, తలుపు మూసిందీ ఒకరే.

మొహల్లా మాత్రం జన్నతా? మాకు వేరే దిక్కు లేదని తెలిసిన మావాడే అడ్వాన్సు పెంచుతాడు. రసీదివ్వడు. మాట పెరిగితే కరెంటు తీసేస్తాడు. దూదేకుల కుటుంబం వస్తే మొహం చిట్లిస్తాడు. ఒంటరి ఆడమనిషి వస్తే ‘మర్ద్ కౌన్ హై?’ అంటాడు. ‘భాయ్’ అన్న పిలుపు రసీదు కాదు. మేం ముందు మా వాళ్ల దగ్గరే కాగితం అడగాలి. కిరాయి చేతికివ్వకుండా బ్యాంకులో వేయాలి. కోర్టు ఉత్తర్వు లేకుండా సామాను బయటేసే హక్కు ఏ మజ్హబ్ యజమానికీ లేదని తెలుసుకోవాలి.

మాకు జాలి అక్కర్లేదు. మతం, కులం చూసి ఇల్లివ్వననడం నేరమని రాసిన చట్టం కావాలి.

మా బిర్యానీనీ మా గజళ్లనూ మెచ్చుకునే మిత్రులారా! మీ అపార్ట్‌మెంట్ మీటింగులో ‘వాళ్లకొద్దు’ అని ఎవరో అన్నప్పుడు మీరేమన్నారు? మీ మేడమీది గది ఖాళీ అయితే మాకిస్తారా? ఈ దేశానికి మేం కిరాయికి రాలేదు. మా తాతముత్తాతల సమాధులు ఈ మట్టిలోనే ఉన్నాయి. చచ్చినవాళ్లకి దొరికిన చోటు బతికున్నవాళ్లకెందుకు దొరకదు?