ఇద్దరు గిజిగాళ్లు, ఒక్కడికే లోకం

వానాకాలంలో ఢిల్లీ పొలిమేర దాటి మీరట్ వైపు వెళ్తే గిజిగాడి గూళ్లు వెతకనక్కర్లేదు. నీళ్ల మీదికి వంగిన తుమ్మకొమ్మ, ఈతచెట్టు, ఆఖరికి కరెంటు తీగ అయినా సరే, కిందికి పొడవాటి గొట్టంతో గూడు వేలాడుతుంటుంది. సగం అల్లిన గూటికి వేలాడి మగపక్షి రెక్కలల్లార్చి గోల చేస్తే, ఆడపక్షి వచ్చి పనితనం తనిఖీ చేస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని గానపక్షుల్లో చేర్చారు గానీ, ఆ గోలను పాట అనాలంటే కాస్త ఉదారత కావాలి.

ఈ మీరట్ పరిసరాల్లోనే 1970ల చివర్లో దాని పెద్దన్న, ఫిన్ గిజిగాడు, గూళ్లు కట్టుకుంటున్నట్లు నమోదైంది. 1869లో ఈ పక్షిని లోకానికి పరిచయం చేసింది ఎ.ఓ. హ్యూమ్. 1885లో కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్న హ్యూమే! ఆయన పార్టీ దేశమంతా విస్తరించింది. పక్షి మాత్రం గంగా, బ్రహ్మపుత్ర మైదానాల్లో, నేపాల్ తెరాయిలో అక్కడక్కడా మిగిలింది.

ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో మామూలు గిజిగాడికి ఏ బెంగా లేదు. ఫిన్ గిజిగాడిని మాత్రం 2021లో 'అంతరించే ప్రమాదంలో ఉన్న' పక్షుల్లోకి మార్చారు. గూళ్లు కట్టే కాలం కానప్పుడు రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. తేడా అవసరాల్లో ఉంది. తమ్ముడికి వరిచేను, చెరువుగట్టు చాలు. అన్నకు నీటి పక్కన ఎత్తయిన గడ్డిమైదానం, దగ్గర్లో పెద్ద చెట్లు రెండూ కావాలి. బూరుగు లాంటి చెట్ల చిటారున, ఆకులు కూడా తుంచేసి, గొట్టం లేని గుండ్రటి గూడు కడుతుంది. కాకికి అంతకన్నా సులువైన ఎర ఉండదు. మనుషుల చెత్త పెరిగిన చోటల్లా కాకులు పెరిగాయి.

పక్షుల వ్యాపారాన్ని 1990-91లోనే నిషేధించారు. గుళ్లు, గుడ్లు కాపాడేందుకూ చట్టం ఉంది. గడ్డినేలకే దిక్కు లేదు. చెట్టు కొడితే అడవి పోయిందని గగ్గోలు పెట్టే వ్యవస్థ, ఆకాశమంత గడ్డిని మాత్రం బంజరు కింద రాసేసుకుంటుంది. అక్కడ చెరకు వేసినా, కాలనీ కట్టినా కాగితాల్లో అది అభివృద్ధే. 2012లో ఢిల్లీ ప్రభుత్వం రాష్ట్ర పక్షిగా పిచ్చుకను ప్రకటించింది. ఐయూసీఎన్ లెక్కలో అదీ బెంగలేని పక్షే.