తర్కమును, క్రొత్త గణకవిద్యయు

కళాశాలలో మొదటి సంవత్సరము చదువుచున్న తమ కుమార్తె సెలవులకు ఇంటికి వచ్చి, "ఈ విద్య నాకు పట్టుబడదు, మానివేసెదను" అని కన్నీరు పెట్టుకొన్నదని ఒక సోదరి మాకు వ్రాసినారు. తోడివారు చిన్ననాటనే కంప్యూటరు నేర్చినవారట. ఈమెకు ఇంట ఆ సదుపాయము లేకపోయెను. ఇప్పుడు తర్కమనియు, ఫంక్షనల్ ప్రోగ్రామింగు అనియు రెండు పాఠములు చెప్పుచున్నారట. ఆ తల్లికే కాక, అట్టి బిడ్డలుగల తల్లులందఱికిని ఈ మాసము కొన్ని మాటలు చెప్పదలచినాము.

తర్కము మనకు క్రొత్తది కాదు. ఆంధ్రుడని ప్రసిద్ధిగల అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును నేటికిని తొలి తర్కగ్రంథముగా చదివింతురు. పొగయున్నచోట నిప్పుండుననుటకు మన తార్కికులు చూపు దృష్టాంతమేమి? వంటయిల్లు! మఱి నిప్పున్నచోట నెల్ల పొగ యుండునా? ఎఱ్ఱగా కాలిన యినుపముద్దయందు నిప్పున్నను పొగ లేదు. ఈ రెండు మాటలకును గల భేదము నెఱుగుటే తర్కమునకు మొదటి మెట్టు. వాన కురిసిన వాకిలి తడియుట నిజమే. వాకిలి తడిసినది గావున వాన కురిసెననవచ్చునా? ఎవరేని కళ్లాపి చల్లియుండవచ్చును. వాకిలి పొడిగా నున్నచో, అప్పుడే వాన కురియలేదనుట మాత్రము తప్పదు. 1847లో జార్జి బూలు అను ఇంగ్లీషు పండితుడు తర్కమును బీజగణితమువలె లెక్కకు తెచ్చెను. నేటి కంప్యూటరు యంత్రములు ఆ లెక్కమీదనే నడచుచున్నవి.

ఇక ఫంక్షననగా నేమి? ఎక్కము వంటిది. ఏడెనిమిదులు ఏబదియాఱు, ఎవరు చెప్పినను, ఎప్పుడు చెప్పినను అంతియే. ఇంటిలోని చిల్లరడబ్బా అట్టిది కాదు. ప్రొద్దుట చూచిన మొత్తము సాయంకాలమునకు ఉండదు, ఎవరు తీసిరో విచారింపవలెను. సామాన్యముగా వ్రాయు ప్రోగ్రాములలో ఇట్టి డబ్బాలు పెక్కులుండును. ఫంక్షనల్ పద్ధతిలో వానిని వీలైనంతవఱకు విడిచి, ఎక్కముల వంటి విధులనే కూర్తురు. వడ్లు దంచిన బియ్యము, బియ్యము విసరిన పిండి. ఒక పని ఫలము తరువాతి పనికి వస్తువగును. మల్లెదండలోని పూలు లెక్కింపవలెనా? దండ ఖాళీయైన సున్న. కానిచో ఒక పువ్వు తీసి, మిగిలిన దండ లెక్కకు ఒకటి చేర్చుడు. ఈ రెండు వాక్యములే ప్రోగ్రాము. ఎంత పొడుగు దండకైనను ఇది తప్పదని తర్కముచే నిరూపింపనువచ్చును. అందుచేతనే ఈ రెండు పాఠములు అక్కచెల్లెండ్రవలె కలిసి వచ్చును.

ఈ మార్గమునకు 1930 దశకమున అమెరికా తార్కికుడు ఆలొంజో చర్చి పునాది వేసెను. 1990లో వెలువడిన హాస్కెల్ అను భాషకు హాస్కెల్ కరీ అను తార్కికుని పేరే పెట్టిరి. స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమున ఈ భాషను, తర్కమును మొదటి సంవత్సరముననే బోధించియున్నారు.

ఇందొక మేలు గలదు. వేఱు భాషలు ముందుగా నేర్చినవారు డబ్బాలోని విలువను మాటిమాటికి మార్చుటకు అలవడియుందురు. ఇక్కడ ఆ యలవాటు అంతగా అక్కఱకు రాదు. వారును తిరిగి నేర్చుకొనవలసినదే. మన అమ్మాయి తాను వెనుకబడితినని తలచుచున్నదే కాని, ఈ పాఠమున వారికిని ఆమెకును ఎడము తక్కువ.

కష్టము లేదని మేము చెప్పము. దండను గూర్చిన ఆ విధి, తన్ను తానే పిలుచుకొను విధి, మొదట ఎవరికిని వింతగనే తోచును. మూడు పూలు పెట్టి, కాగితముమీద ఒక్కొక్క మెట్టు వ్రాసి చూచిన తెలియును. దానికి యంత్రము కూడ అక్కఱలేదు. తల్లులారా, చదువు మాన్పించుటకు తొందరపడకుడు. సాయంకాలము బిడ్డను వంటయింట కూర్చుండబెట్టుకొని, "నేడు చదివినది నాకు చెప్పు" అని యడుగుడు. మీకు తెలియునట్లు చెప్పగలిగినచో, ఆ పాఠము ఆమెకు వచ్చినట్లే.